ఒక్క చెవికి ఒక్క స్పీకరు

సరళకుమారికి కుడిచెవి పోయింది ఒక మామూలు ఉదయాన. పళ్ళు తోముకుంటుంటే కుళాయి శబ్దం ఒక పక్కనుంచే వచ్చింది. చెవిలో నీళ్ళు చేరాయనుకుని తల వంచి విదిలించుకుంది. సాయంత్రానికి కూడా చెవి తెరుచుకోకపోతే, తను పనిచేసే ఆసుపత్రిలోనే డాక్టరుకు చూపించుకుంది. మందులు, ఇంజెక్షన్లు అన్నీ అయ్యాక ఆయన పరీక్ష కాగితం బల్లమీద పెట్టి, కుడివైపు నరం దెబ్బతిందనీ, ఇక వినికిడి తిరిగి రాదనీ చెప్పాడు.

"మాటలకి పెద్ద ఇబ్బంది ఉండదు. మెదడు అలవాటు పడుతుంది. సంగీతం మాత్రం మునుపటిలా ఉంటుందని ఆశ పెట్టుకోకండి" అన్నాడు.

అప్పటికి ఆమె ఐసీయూలో సిస్టర్ ఇన్‌చార్జి. మానిటర్ మోగితే ఏ మంచం దగ్గర మోగుతోందో తెలియడం లేదు. రెండు చెవులుంటేనే శబ్దం వచ్చే దిక్కు తెలుస్తుందని అప్పుడు అర్థమైంది. తనను ట్రైనింగు విభాగానికి మారుస్తున్నామని పైవాళ్ళు చెప్పినప్పుడు ఎదురు చెప్పలేదు. ఐసీయూలో తను పొరబడితే పోయేది రోగి ప్రాణం. కొత్తగా చేరిన నర్సులకు పాఠాలు చెప్పడానికి ఒప్పుకుంది.

చర్చిలో సంగతి వేరు.

సరళది నరసాపురం. పెళ్ళయి భర్త సిలాసు ఎయిర్‌ఫోర్సు ఉద్యోగంతో ఊళ్ళు తిరిగి చివరికి ఢిల్లీ చేరింది. ఆయన రిటైరయ్యాక ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో ఫ్లాటు కొనుక్కుని ఇక్కడే ఉండిపోయారు. ఆదివారం తెలుగు సర్వీసులో నాలుగు గొంతులతో పాడే క్వయర్ ఉంది. ఆడవాళ్ళలో కింది స్వరం, ఆల్టో, పాడేవాళ్ళకు ఎన్నో ఏళ్ళుగా ఆమే ఆధారం. చెవి పోయిన తర్వాత ఒక ఆదివారం పాట మధ్యలో ఆమె శ్రుతి జారింది. కుడిపక్కన పై స్వరం పాడే సొప్రానోలు వినపడక, వాళ్ళ స్వరంలోకి వెళ్ళిపోయినా ఆమెకు తెలియలేదు. పక్కనున్న ఇద్దరూ ఆమెతోపాటే తప్పారు.

సర్వీసయ్యాక క్వయర్ నడిపే నోయల్ దగ్గరికొచ్చాడు. ముప్పై దాటని కుర్రాడు, మర్యాదస్తుడు.

"ఆంటీ, ఈస్టర్ పాటలు కాస్త కష్టంగా ఉన్నాయి. మీరు ముందు వరసలో కూర్చుని మాకోసం ప్రార్థన చెయ్యండి. అదే మాకు పెద్ద సపోర్టు" అన్నాడు.

"నన్ను మానెయ్యమంటున్నావా?"

"మానెయ్యమని కాదాంటీ. రెస్ట్ తీసుకోమని."

"నాకు అలసట లేదు, నోయల్. చెవి లేదు. రెస్ట్ తీసుకుంటే వస్తుందా?"

అతను చేతులు జోడించి వెళ్ళిపోయాడు. ఆమె తర్వాతి ఆదివారం ముందు వరసలో కూర్చోలేదు. వెనక, తలుపు దగ్గర కూర్చుంది.

ఇంట్లోనే సాధన చేద్దామనుకుంది. క్వయర్ పాత రికార్డింగులు ఫోన్లో ఉన్నాయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఎడమవైపు గొంతులే వినిపించాయి. కాలేజీలో చదివే కూతురు ఆరాధన ఫోన్ తీసుకుని ఏదో సెట్టింగు మార్చింది. రెండు వైపులా ఒకటిగా కలిసి ఒకే చెవిలోకి వచ్చాయి.

"హో గయా, మమ్మీ. అబ్ సబ్ సునాయీ దేగా" అంది ఆరాధన. తెలుగు అర్థమవుతుంది కానీ ఆ పిల్ల హిందీలోనే జవాబు చెబుతుంది.

కూతురు చెప్పినట్టే ఇప్పుడు అన్ని గొంతులూ వినిపించాయి, నిజమే. కానీ ఉన్న ఒక్క చెవినీ మూసేస్తే తన గొంతు తనకు వినిపించడం లేదు. తన గొంతు వినకుండా శ్రుతి కలిపేదెలా? పాట గదిలో మోగాలి. ఇంట్లో ఉన్న చిన్న బ్లూటూత్ స్పీకరు పెట్టి చూసింది. నాలుగు స్వరాలూ ముద్దకట్టినట్టు వచ్చాయి. ఆల్టో ఎక్కడుందో వెతికినా దొరకలేదు.

ఆసుపత్రిలో యంత్రాల బాగోగులు చూసే ఇంజనీరు పృథ్వీరాజ్‌ది వరంగల్. సరళ ఒకరోజు పాఠానికి పాత మానిటరొకటి కావాలని అతని గదికి వెళ్ళింది. బీరువా మీద సీలు విప్పని అట్టపెట్టె కనిపించింది. దానిమీద గాజు బల్బుల్లాంటి వాటి బొమ్మ ఉంది.

"ఇదేంటండీ, పాత రేడియోల్లో వాల్వుల్లా ఉన్నాయి?"

"వాల్వులే మేడం. ట్యూబ్ యాంప్లిఫయర్ కిట్టు. విడి సామాను వస్తది, మనమే కట్టుకోవాలె. గొంతులు మస్తుగ పలుకుతయని కొన్న. ఒక పెట్టె ఒక్క పక్క స్పీకరుకే అయితది, రెండో పక్కకు ఇంకొకటి కొనాలె. కొననూ లేదు, కట్టనూ లేదు."

"నాకు ఒక్క పక్కే చాలు. నాకమ్మెయ్యండి."

పృథ్వీరాజ్ నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపేశాడు. "అది ఆటవస్తువు గాదు మేడం. లోపల మూడు వందల వోల్టులుంటది. స్విచ్ తీసినంక గూడ కెపాసిటర్లల్ల కరెంటు నిలిచే ఉంటది. గానం వినాలంటే మంచి స్పీకర్ కొనుక్కోరాదు? ఇది మీతోటి అయ్యేది గాదు."

"ఈ మధ్య నాతో ఏం కాదో చెప్పేవాళ్ళు ఎక్కువైపోయారండి" అంది సరళ. "మీరు ఆ కెపాసిటర్ల కరెంటు ఎలా ఖాళీ చెయ్యాలో చెప్పండి. కట్టడం నేను చూసుకుంటాను."

ఆ సాయంత్రం పెట్టె ఇంటికొచ్చింది. భోజనాల బల్లమీద సామానంతా పరిచేసరికి సిలాసు కళ్ళజోడు సవరించుకుని నిలబడి చూశాడు. బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు రెండు, మూడు వాల్వులు, రంగు గీతల రెసిస్టర్లు, ఇనుప పెట్టె, వైరు చుట్టలు.

"ఇదంతా ఎందుకు సరళా? స్పీకరు ఉందిగా ఇంట్లో."

"అది నేను చేసింది కాదుగా."

"చేస్తే ఏమొస్తుంది?"

"ఏమొస్తుందో చేశాక చెప్తానండి."

ముందు పాత చార్జర్ల వైర్లు కోసి, కరిగించిన సీసంతో అతికే సోల్డరింగ్ నేర్చుకుంది. మొదట్లో సీసం బొట్లు బొట్లుగా పేరుకుని, కదిపితే ఊడొచ్చేది. వైరు కొనను ముందు వేడెక్కనిచ్చి తర్వాత సీసం తాకించాలని తెలిశాక అతుకు నున్నగా, మెరుస్తూ వచ్చింది. పసిపిల్లల నరాలకు సూది ఎక్కించిన చేతులవి, వణుకు ఎరగవు. సెలవురోజుల్లో బాల్కనీ ఎండలో కూర్చుని, కిట్టుతో వచ్చిన బొమ్మ ప్రకారం ఒక్కొక్క భాగం బిగించింది. ఆరాధన మధ్యమధ్యలో వచ్చి రెసిస్టర్ల మీది రంగులు చదివి పెట్టేది. క్వయర్‌లో ఎవరూ ఫోన్ చెయ్యలేదు. శనివారం సాయంత్రాలు ప్రాక్టీసు మొదలయ్యే వేళకు ఆమె ఏ వైరో పట్టుకుని మరింత గట్టిగా బిగించేది.

కట్టడం అయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం స్విచ్ వేసింది. మొదటిసారి నేరుగా కరెంటివ్వకుండా, మధ్యలో ఒక మామూలు బల్బు పెట్టమని పృథ్వీరాజ్ చెప్పాడు. లోపల తప్పుంటే బల్బు ధగధగా వెలుగుతుంది, యాంప్లిఫయరు కాలిపోదు. తప్పు లేకపోతే ఒక్కసారి వెలిగి మసకబారుతుంది.

బల్బు ధగధగా వెలిగింది. వెలుగుతూనే ఉంది. సిలాసు ఒక్క ఉదుటున ప్లగ్ పీకేశాడు.

"చాలు. దీన్ని పెట్టెలో పెట్టి ఆ పృథ్వీరాజ్‌కి ఇచ్చెయ్. ఎయిర్‌ఫోర్సులో షాక్ కొట్టి ఎగిరిపడ్డవాళ్ళని నా కళ్ళతో చూశాను. చెవి పోయింది చాలదా నీకు?"

ఆ చివరి మాట అన్నాక ఆయనే మొహం తిప్పుకున్నాడు. ఆరాధన గుమ్మంలో నిలబడిపోయింది.

సరళ నెమ్మదిగానే అంది. "కరెంటు పెట్టి ఆగిన గుండెల్ని కొట్టించినదాన్నండి నేను. దానికి భయపడకుండా ఎప్పుడూ పనిచెయ్యలేదు. భయపడుతూ ఎలా పనిచెయ్యాలో నాకు తెలుసు. ఇవ్వను."

కెపాసిటర్లలో మిగిలిన కరెంటు ఖాళీ చేసి, మీటరు పెట్టి సున్నా అయిందని చూసుకుంది. అప్పుడు పెట్టె తిరగేసి బొమ్మతో పోల్చుకుంటూ మొదటినుంచీ వెతికింది. చీకటి పడకముందే తప్పు దొరికింది. పెద్ద కెపాసిటరొకటి తలకిందులుగా బిగించింది, ప్లస్ ఉండాల్సిన చోట మైనస్. అలా బిగించినదాన్ని మళ్ళీ వాడకూడదని పృథ్వీరాజ్ ఫోన్లో చెప్పాడు. కొత్తది తెప్పించి పెట్టింది.

రెండోసారి స్విచ్ వేసేటప్పుడు సిలాసు ప్లగ్ దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారింది. వాల్వుల లోపల నారింజ రంగు నిప్పు పుట్టింది. ముగ్గురూ బల్లమీదికి వంగి చూశారు.

"గరం హో రహా హై" అంది ఆరాధన, వేడెక్కుతున్న వాల్వులకు చెయ్యి దూరంగా పెట్టి.

బల్బు తీసేసి, ఆరాధన గదిలోని చిన్న స్పీకర్లలో ఒకటి తెచ్చి తగిలించారు. పాటతోపాటు గుయ్యిమని మోత వచ్చింది. వాల్వులను వేడిచేసే తీగలు రెంటినీ ఒకదానికొకటి జడలా మెలిపెట్టి మూలకు జరిపితే మోత దాదాపు పోయింది. కానీ పాట పక్క ఫ్లాట్లో మోగుతున్నట్టు వినిపించింది. శబ్దం పెంచితే గొంతులు చీలిపోతున్నాయి.

పృథ్వీరాజ్ వచ్చి విని తల ఊపాడు. "యాంప్లిఫయర్ మంచిగనే కట్టిన్రు మేడం. దీనికి బలం తక్కువ, నాలుగైదు వాట్లే. ఈ చిన్న స్పీకర్లు కదలాలంటే చానా బలం గావాలె. తక్కువ కరెంటుకే గట్టిగ పలికే స్పీకర్ జూడున్రి. పెద్ద కాగితం కోన్ ఉండాలె, తేలికగ ఉండాలె, డబ్బా పెద్దగుండాలె."

అంతకుముందు అతను 'మీతోటి అయ్యేది గాదు' అన్న సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరూ ఎత్తలేదు.

సాకేత్‌లో స్పీకర్లు అమ్మే పెద్ద షోరూముకు భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. యాంప్లిఫయరును దుప్పట్లో చుట్టి కారు వెనక సీట్లో పెట్టుకున్నారు. సరళ అడిగిన ప్రతి ప్రశ్నకూ అక్కడి సేల్స్‌మన్ సిలాసు వైపు చూసి హిందీలో జవాబు చెప్పాడు. స్పీకర్లు జతగానే అమ్ముతామన్నాడు. ఒక్కటి ఎవరూ కొనరన్నాడు.

"మేరా కాన్ హీ ఏక్ హై, భయ్యా" అంది సరళ. నాకున్న చెవే ఒకటి.

అతను తడబడ్డాడు. మేనేజరు వచ్చాడు. తను కట్టిన యాంప్లిఫయరుకు తగిలించి వింటానని ఆమె అడిగితే, ఇంట్లో చేసిన వస్తువులను తమ స్పీకర్లకు తగిలించడం కుదరదని అతను మర్యాదగా చెప్పాడు.

"నా దానితో ఎలా పలుకుతుందో వినకుండా కొనమంటారా?"

"మేడం, మీ పరిస్థితికి టీవీ కింద పెట్టే సౌండ్‌బార్ ఒకటి సరిపోతుంది. మా మాట నమ్మండి."

"నా పరిస్థితి నాకు తెలుసు. మీరు మీ స్పీకరు సంగతి చెప్పలేకపోయారు" అని ఆమె బయటికి నడిచింది.

కారులో ఇంటికొస్తూ సిలాసు, దారిలో మూల్‌చంద్ దాటాక అన్నాడు. "వాడు మొదటినుంచీ నాతోనే మాట్లాడుతున్నాడు, చూశావా?"

"కొత్తేముందండి అందులో."

"నేనూ జవాబు చెప్తూ నిలబడ్డాను చూడు." తల అడ్డంగా ఊపి అన్నాడు. "శనివారం లాజ్‌పత్ రాయ్ మార్కెట్‌కి పోదాం. అక్కడ పాత స్పీకర్లుంటాయి. నేను మోస్తాను."

శనివారం మెట్రోలో వెళ్ళారు. వాల్వులు ఊడదీసి ఊలు సాక్సుల్లో చుట్టి సరళ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. మిగతాది సిలాసు గుండెలకు హత్తుకుని మోశాడు. స్టేషన్లో సామాను తనిఖీ యంత్రం ఆగింది. సెక్యూరిటీ అమ్మాయి తెరమీది నల్లటి ముద్దలను చూపించి ఇదేమిటని అడిగింది. సిలాసు నోరు తెరవబోయి భార్య వైపు తిరిగాడు.

"యాంప్లిఫయర్ హై. మైనే బనాయా హై" అంది సరళ. నేనే చేశాను.

దుప్పటి విప్పించి, లోపలికి టార్చి వేసి చూశారు. వెనక లైను పెరిగిపోయి జనం విసుక్కున్నారు. సరళ కదల్లేదు. ఆ అమ్మాయి ఆఖరికి "ఆప్‌నే? ఖుద్?" మీరే స్వయంగానా అని అడిగి, చెయ్యూపి పొమ్మంది.

మార్కెట్లో మూడో నాలుగో దుకాణంలో, తీగ చుట్టల వెనక, నడుము ఎత్తున ఒక చెక్క డబ్బా కనిపించింది. ముందు గుడ్డ చిరిగి లోపల పెద్ద కాగితం కోన్ బయటపడింది. దాని జోడీ గోదాములో వాన నీళ్ళకు నానిపోయిందని, ఒక్కటే మిగలడంతో ఎవరూ కొనడం లేదని దుకాణదారు చెప్పాడు. తగిలించి వింటామంటే అభ్యంతరం పెట్టలేదు, స్టూలు కూడా ఇచ్చాడు. సిలాసు అందిస్తుంటే సరళ వాల్వులు గుచ్చింది, తీగలు బిగించింది. వాల్వులు వేడెక్కేదాకా ఆగి, ఫోన్లో క్వయర్ పాట పెట్టింది.

దుకాణమంతా గొంతులతో నిండిపోయింది. ఎదుటి కొట్టతను తల బయటపెట్టి చూశాడు. శబ్దం సగం కూడా పెంచలేదు. తన చేతులతో అతికిన తీగల్లోంచి మనుషులు పాడుతున్నారు. సరళ ఎడమచెవి అటు తిప్పి, కళ్ళు మూసుకుని నిలబడింది. సందులో తోపుడుబళ్ళ అరుపుల మధ్య కూడా కింది స్వరం ఆమెకు విడిగా వినిపించింది.

"ఏవండీ, ఇదే" అంది.

డబ్బాకు కొత్త గుడ్డ వేయించి, హాల్లో తన కుర్చీకి ఎడమవైపు పెట్టుకుంది. రోజూ డ్యూటీనుంచి వచ్చి, టీ తాగి, స్విచ్ వేసి పాడేది. మొదటి రోజుల్లో శ్రుతి జారేది. రెండు సంవత్సరాల కిందటి ఈస్టర్ పాటలో తన గొంతే తనకు వినిపించిన సాయంత్రం పాట ఆపి, మొదటినుంచి మళ్ళీ పెట్టింది. ఏడుపు రాలేదు. ఆ గొంతుతో కలిపి పాడింది. ఆ పాత సరళ కంటే కాస్త గట్టిగానే పాడింది.

కొన్ని వారాలకు ఒక విషయం కనిపెట్టింది. స్పీకరు ఎడమవైపుంటే చివరిదాకా తప్పు లేకుండా పాడుతోంది. ఆరాధన ఆటపట్టిస్తూ కుడిపక్కన చేరి పాడితే అప్పుడే జారిపోతోంది. అంటే పోయింది శ్రుతి కాదు. తను నిలబడే చోటు తప్పు.

ఆమె నోయల్‌ను ఇంటికి టీకి పిలిచింది. చర్చి కమిటీ వాళ్ళెవరైనా ఏమైనా చెప్పారేమోనని అతను కాస్త బెరుకుగానే వచ్చాడు.

"కూర్చో. ఈ ఇయర్‌ఫోన్ ఎడమదే పెట్టుకో. రెండో చెవి చేత్తో మూసుకో" అంది. ఆరాధన మార్చిన సెట్టింగు ఫోన్లో తీసేసి, క్వయర్ పాట పెట్టింది.

నోయల్ మొహం చిట్లించాడు. "మగవాళ్ళలో టెనర్లు సరిగా లేరాంటీ. బేస్ అసలు లేదు."

"ఉన్నారు. నీ కుడిచెవి దగ్గరున్నారు. ఆ ఆదివారం నాకు ఇలాగే సగమే వినిపించింది."

తర్వాత ఇయర్‌ఫోన్ తీయించి, కుడిచెవి అలాగే మూసుకోమని, తన కుర్చీలో కూర్చోబెట్టి, ఫోన్లో ఆ సెట్టింగు మళ్ళీ పెట్టి యాంప్లిఫయరు స్విచ్ వేసింది. అదే పాట స్పీకర్లోంచి వచ్చింది. మొదటి చరణం అయ్యేలోపు నోయల్ వేళ్ళతో నాలుగు స్వరాలూ లెక్కపెట్టుకోవడం ఆమె చూసింది. రెండో చరణానికి సరళ పక్కన నిలబడి ఆల్టో అందుకుంది. చివరిదాకా పాడింది.

పాట అయ్యాక నోయల్ చెవిమీద చెయ్యి తీసి యాంప్లిఫయరు దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. "ఎవరు చేశారాంటీ ఇది?"

"నేనే."

"చాలా బాగుందాంటీ. కానీ క్వయర్‌లో ఇది పెట్టుకోలేం కదా."

"ఇదెవరు పెట్టమన్నారు? నేను వరసలో కుడి చివర నిలబడతాను. అందరూ నా ఎడమ పక్కన ఉంటారు. అంతే కావాలి నాకు."

"ఆల్టోలెప్పుడూ మధ్యలోనే ఉంటారు కదాంటీ. ఆ చివర ఉండే సొప్రానోలు ఒప్పుకోరు. మొత్తం వరస మార్చాలి."

"మార్చు."

"కమిటీని అడిగి చెప్తాను."

"అడుగు. వాళ్ళు వద్దన్నా శనివారం వచ్చి ఆ చివరే నిలబడతాను. ఐసీయూ వదిలేశాను, నోయల్. అది వదలాల్సిందే, వదిలాను. ఇక్కడ నేను తప్పు పాడితే ఎవరి ప్రాణమూ పోదు. దిద్దుకుంటాను. దీన్నెందుకు వదలాలి?"

నోయల్ టీ పూర్తిచేసి లేచాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర, "ప్రాక్టీసు ఐదింటికాంటీ" అన్నాడు.

శనివారం ఆమె ఐదింటికి ముందే వెళ్ళి కుడి చివర నిలబడింది. సొప్రానోలు నిజంగానే గొణిగారు. ఏళ్ళ తరబడి తమదైన చోటు కదా అన్నారు. నోయల్ గొంతు పెంచకుండా అందరినీ ఒక్కొక్క అడుగు ఎడమకు జరిపాడు. ఎవరి పక్కన ఎవరుండాలో తేలడానికే సగం ప్రాక్టీసు పోయింది.

ఈస్టర్ సర్వీసులో ఆల్టోలు సరళను చూస్తూ పాడారు. మూడో పాటలో ఒకచోట ఆమె అందరికంటే అరక్షణం ముందు ఎత్తుకుంది. వరసలో ఇద్దరు తిరిగి చూశారు. నోయల్ చెయ్యి ఆమె వైపు ఆగింది. ఆమె తల దించలేదు, గొంతు తగ్గించలేదు. ఆ చెయ్యి మళ్ళీ కదిలేసరికి సరిగ్గా అందుకుని పాట చివరిదాకా నడిపింది. మూడో వరసలో సిలాసు ముందుకు వంగి కూర్చోవడం ఆమెకు కనబడింది.

సర్వీసయ్యాక మెట్ల దగ్గర కమిటీ పెద్దావిడ ఒకామె సరళ చెయ్యి పట్టుకుంది. "బాగా పాడావమ్మా. కానీ మధ్యలో కొంచెం తేడా వచ్చింది కదా. ఇంత శ్రమ ఎందుకు నీకు ఈ వయసులో, ఈ అవస్థలో?"

"వచ్చిందండి. మూడో పాటలో" అంది సరళ. "వచ్చే శనివారం ప్రాక్టీసులో దిద్దుకుంటాను."

చెయ్యి విడిపించుకుని, పాటల పుస్తకం సంచిలో పెట్టుకుని, పార్కింగు వైపు నడిచింది.